ర్యాప్ కవిత్వం కాదంటారా? – పండితులకు ఒక పండితుని మనవి

“ర్యాప్ కవిత్వం కాదు, అరుపు.” కొన్నేళ్ళుగా మా కోనసీమ సాహిత్య సభలలో ఈ మాట ఆప్తవాక్యంగా చెలామణి అవుతున్నది. ఒకరు అంటారు, నలుగురు తలలూపుతారు, తరువాతి అంశానికి వెళ్ళిపోతారు. అన్నవారిని పట్టుకొని “అయ్యా, తమరు విన్న ర్యాప్ ఏది?” అని అడిగితే, “వినవలసిన ఖర్మ నాకేమిటండీ?” అని సమాధానం. వినకుండా దోషనిర్ణయం చేయవచ్చునని ఏ అలంకారశాస్త్రంలో ఉన్నదో నాకు తెలియదు. మమ్మటుడంతటివాడు కూడా దోషం చెప్పినచోట ఉదాహరణ చూపించి మరీ చెప్పాడు.

నేను భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, మూడు దశాబ్దాలకు పైగా పిల్లలచేత గణవిభజన చేయించినవాణ్ణి. యతి తప్పిన పద్యం చెవిన పడితే ఇప్పటికీ పంటి క్రింద రాయి పడినట్లే ఉంటుంది. కాబట్టి “ఛందస్సు రానివాడు ర్యాప్‌ను వెనకేసుకొస్తున్నాడు” అనే ఆక్షేపణ నా విషయంలో చెల్లదు. ఆ సౌకర్యం నాకు ఉన్నది కనుకనే ఈ ఖండన వ్రాయడానికి పూనుకున్నాను. కోపగించేవారు కోపగింతురు గాక. వాదంతో కోపగించండి, అదొక్కటే నా కోరిక.

లక్ష్యం లేని లక్షణచర్చ గాలిలో మేడ. అందుచేత ఒక జంటను లక్ష్యంగా తీసుకుంటున్నాను. న్యూయార్కు నగరంలో 2008 ప్రాంతాన వెలుగులోకి వచ్చి, 2012లో విడిపోయిన ‘దాస్ రేసిస్ట్’ అనే ర్యాప్ జంట అది. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న నా పూర్వవిద్యార్థి ఒకడు వీరి పాటలు పంపుతూ, “మేష్టారండీ, కోప్పడకుండా రెండు సార్లు వినండి. ఇది మీరు క్లాసులో చెప్పిన సమస్యాపూరణమేనండి, ఆయ్” అని వ్రాశాడు. రెండు సార్లు కాదు, ఇరవై సార్లు విన్నాను. వాడి మాటలో నిజమున్నది.

ఈ జంటను ఎన్నుకోవడానికి కారణాలు చెబుతాను. వీరిద్దరూ కళాశాలలో కలుసుకున్నవారు. లోకం వీరిని మొదట వట్టి నవ్వులాటగాళ్ళని కొట్టిపారేసింది. వీరితో పాటు వేదిక మీద మూడవ మనిషిగా నిలిచినవాడు మన తెలుగు బిడ్డ. మన సాహిత్యాభిమానులలో ఈ చివరి సంగతి ఎందరికి తెలుసునో గాని, నాకు తారసపడినవారిలో ఒక్కరికీ తెలియదు.

ఎవరీ జంట?

కనెక్టికట్ రాష్ట్రంలో మిడిల్‌టౌన్ అనే ఊళ్ళో వెస్లియన్ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడ సామాజిక న్యాయం పట్ల ఆసక్తి గల నల్ల, గోధుమ వర్ణాల విద్యార్థుల కోసం ఏర్పరచిన ఒక వసతిగృహంలో హిమాంశు సూరి అనే పంజాబీ సంతతి యువకుడు విద్యార్థి పర్యవేక్షకుడు. ఆ గృహంలోనే చేరిన కొత్త విద్యార్థి విక్టర్ వాజ్‌క్వెజ్. ఇతడు కాలిఫోర్నియా నుండి వచ్చినవాడు; క్యూబా, ఇటలీ మూలాలు గలవాడు. చదువు ముగిసిన తరువాత ఇద్దరూ న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో మళ్ళీ కలిశారు. సూరి ‘హీమ్స్’ అయ్యాడు, వాజ్‌క్వెజ్ ‘కూల్ ఏడీ’ అయ్యాడు. మన కవులు కలంపేర్లు పెట్టుకోలేదా, వీరివి గళంపేర్లు.

మూడవవాడు అశోక్ కొండబోలు. తెలుగు తల్లిదండ్రులకు న్యూయార్కులోని క్వీన్స్‌లో పుట్టి పెరిగినవాడు. వేదిక మీద పేరు ‘డాప్‌వెల్’. సూరికీ ఇతనికీ స్నేహం అంతకు ముందే, మన్‌హటన్‌లోని స్టైవెసెంట్ ఉన్నత పాఠశాలలో కుదిరింది. 2001 సెప్టెంబరు 11న కూలిన జంట సౌధాలకు ఆ బడి కూతవేటు దూరం. ఆ తరువాత అమెరికాలో గోధుమవన్నె ముఖాలను లోకం ఎలా చూసిందో వేరే చెప్పనక్కరలేదు. ఆ చూపు పడుతూండగా యౌవనంలో అడుగుపెట్టిన పిల్లలు వీరు. వీరి హాస్యం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

2008లో ‘కాంబినేషన్ పిజ్జా హట్ అండ్ టాకో బెల్’ అనే పాట వీరికి పేరు తెచ్చింది. 2010లో ‘షటప్, డ్యూడ్’, ‘సిట్ డౌన్, మ్యాన్’ అనే రెండు పాటల సంకలనాలను ఉచితంగా లోకం మీద వదిలారు. 2011లో ‘రిలాక్స్’ అనే ఆల్బమ్‌ను సూరి నడిపిన ‘గ్రీడ్‌హెడ్’ సంస్థ ద్వారా వెలువరించారు. 2012 డిసెంబరులో జర్మనీలోని మ్యూనిక్ నగరపు వేదిక మీద జంట విడిపోయిందని సూరి ప్రకటించాడు. నాలుగేళ్ళ ప్రస్థానం. ఇక ఆక్షేపణలను వరుసగా చూద్దాం.

మొదటి ఆక్షేపణ: ఛందస్సు లేదు

ఉన్నది. ర్యాప్‌కు ఆధారం నాలుగు దెబ్బల ఆవృత్తం. పదహారు ఆవృత్తాలు ఒక చరణమని వాడుక. ఆ దెబ్బల మీద అక్షరాలను తూచి వేయాలి. ఒక ఊనిక అటో ఇటో జారితే శ్రోతకు వెంటనే తెలిసిపోతుంది. మన రగడకూ దీనికీ చాలా దగ్గర చుట్టరికం ఉన్నది. రగడలో మాత్రాగణాలు నడకనిస్తాయి, పాదాంతంలో అంత్యప్రాస జతకూర్చుతుంది. ర్యాప్‌లోనూ అంతే. అంత్యప్రాసతో ఆగక పాదం నడుమ అంతఃప్రాసలు గుప్పించడం వీరి ప్రత్యేకత. వృత్యనుప్రాసకూ ఛేకానుప్రాసకూ ఉదాహరణలు కావాలంటే వీరి ‘సిట్ డౌన్, మ్యాన్’లో చేతినిండా దొరుకుతాయి.

మన ఛందస్సే ఛందస్సు, తక్కినది గద్యమనే వాదానికి చరిత్ర మంచి సమాధానమే చెప్పింది. 1910లో గురజాడవారు ముత్యాలసరాలతో వచ్చినప్పుడు “ఇది పద్యమా?” అని ముఖం చిట్లించినవారు ఉన్నారు. వ్యావహారిక భాషను అడ్డుకున్న మహాపండితుడు జయంతి రామయ్య పంతులుగారు మా కోనసీమవారే, ముక్తేశ్వరంలో పుట్టినవారు. ఆయన 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించారు. సూర్యరాయాంధ్ర నిఘంటువుకు మూలపురుషుడు. ఆయనకు తెలుగు జాతి ఋణపడి ఉన్నది, నేను ఆ నిఘంటువును రోజూ తిరగేస్తాను. అయినా భాష విషయంలో ఆయన తీర్పు నిలవలేదు. ఈనాడు ర్యాప్‌ను తిట్టేవారు ఆ తిట్టును వ్యావహారికంలోనే తిడుతున్నారు. ఆయన పాండిత్యంలో శతాంశం లేనివారు ఆయన పొరపాటును మాత్రం సంపూర్ణంగా వారసత్వం పుచ్చుకోవడం న్యాయమా?

రెండవ ఆక్షేపణ: వట్టి వేళాకోళం, గంభీరత లేదు

ఈ ఆక్షేపణ ఈ జంటకు సరిగ్గా వర్తిస్తుందని పైకి తోస్తుంది. పిజ్జా హట్ పాటనే చూడండి. ఇద్దరు స్నేహితులు ఒకరినొకరు వెదుక్కుంటుంటారు. ఒకడు ఒక అంగడిలో ఉన్నానంటాడు, రెండవవాడు మరొక అంగడిలో ఉన్నానంటాడు. నిజానికి రెండు అంగళ్ళూ ఒకే కప్పు క్రింద ఉన్నవే. ఆ నాలుగు మాటలే పాటంతా తిరుగుతాయి. విన్న అమెరికా విమర్శకులలో కొందరు ఇది తలతిక్క అన్నారు.

అవధానం తెలిసినవాడికి మాత్రం ఇది తలతిక్కగా కనబడదు. పృచ్ఛకుడు అసంబద్ధమైన పాదం ఒకటి ఇస్తాడు. దానిని సంబద్ధం చేయడమే సమస్యాపూరణం. ఇక్కడ ఆ అసంబద్ధ పాదాన్ని ఇచ్చిన పృచ్ఛకుడు అమెరికా వ్యాపారం. ఈ రెండు దుకాణాలకూ యజమాని ఒకే కంపెనీ. కనుకనే ఒకే భవనంలో రెండు బోర్డులు. పేర్లు రెండు, పెట్టుబడి ఒకటి, నడుమ ఒకరికొకరు దొరకని మనుషులు ఇద్దరు. దీని మీద అద్వైత వ్యాఖ్యానం చేయవచ్చు గాని నేను చేయను. అది మన పండితులకు వెన్నతో పెట్టిన విద్య, అతిగా చేస్తాం. ఉన్న అర్థమే చాలు. మన పట్టణాలలో రెండు పేర్లు పెట్టుకొని ఒకే యాజమాన్యం నడిపే కళాశాలల ముందు నిలబడి “ఏది మంచిదండీ?” అని అడిగే తండ్రులను చూసినవారికి ఈ పాట ఇట్టే బోధపడుతుంది.

ఇక వీరి పేరు సంగతి. ఇంగ్లీషులో “అది జాతివివక్ష” అనే మాటను పిల్లవాడి నోట పలికించినట్లు పలికితే ‘దాస్ రేసిస్ట్’. ఒక హాస్య కార్యక్రమంలో చిన్నపిల్లవాడు ఆ మాట అనగా విని వీరు నవ్వుకొని పేరుగా పెట్టుకున్నారు. జర్మన్‌లో ‘దాస్’ అంటే ‘అది’. మన చెవికి ‘దాస్’ ఇంటిపేరు, దాసుడు కూడా. ఒక శబ్దంలో ఇన్ని అర్థాలు ఇముడుతుంటే దానికి మనం పెట్టిన పేరు శ్లేష. పింగళి సూరన చేస్తే రాఘవపాండవీయం, వీరు చేస్తే వేళాకోళమా?

వీరి పాటలలో ఒకదాని పేరులో నవ్వు శబ్దమే వ్రాసి, “ఇది పరిహాసమేనా?” అన్నట్లు చివర ప్రశ్నార్థకం పెట్టారు. ఆ ప్రశ్నార్థకంలో వీరి కవిత్వ రహస్యమంతా ఉన్నది. గోధుమవన్నె కుర్రవాడు కోపంగా మాట్లాడితే తెల్ల సమాజం భయపడుతుంది. నవ్విస్తూ మాట్లాడితే కూర్చొని వింటుంది. విన్న తరువాత ఇంటికి పోతూ “వీడు మనల్ని నవ్వించాడా, మనల్ని చూసి నవ్వాడా?” అని తడుముకుంటుంది. మన తెనాలి రామలింగని కథలలో ఉన్నది ఇదే కదా. రాజసభలో బలం లేనివాడికి హాస్యమే డాలు.

‘ఫేక్ పాట్వా’ అనే పాట మరొకటి ఉన్నది. జమైకా యాసను అరువు తెచ్చుకొని ఫోజు కొట్టేవారి మీద విసురు అది. మా గోదావరి యాసను తెలుగు సినిమా ఏళ్ళ తరబడి హాస్యపాత్రల నోటిలో కూరి నవ్వించుకున్నది. ‘ఆయ్’ అనగానే హాలులో నవ్వులు. ఆ నవ్వు మనకు గుచ్చుకున్నదా లేదా? గుచ్చుకుంటే, అరువు యాసను గురించి పాట కట్టినవాడు మనకు పరాయివాడు కాడు.

మూడవ ఆక్షేపణ: ఇది విదేశీయం, మన సంప్రదాయం కాదు

హిప్‌హాప్ పుట్టుకకు అందరూ చెప్పుకునే తేదీ 1973 ఆగస్టు 11. జమైకా నుండి వచ్చిన కూల్ హెర్క్ అనే యువకుడు న్యూయార్కులోని బ్రాంక్స్‌లో ఒక వినోదసభకు పాటలు వేసిన రోజు అది. విదేశీయమే, సందేహం లేదు. హార్మోనియం కూడా విదేశీయమే, పారిస్‌లో పుట్టినది. ఆ పెట్టె లేకుండా ‘పాండవోద్యోగ విజయాల’ పద్యాలు మన పల్లెలలో ఇన్నేళ్ళు బ్రతికేవా? ఫిడేలు విదేశీయం కాదా? మన సంప్రదాయం పరాయి వస్తువును తెచ్చుకొని తనది చేసుకొనే విద్యలో ఆరితేరినది. ఆ విద్యను వదులుకోవడం సంప్రదాయ రక్షణ ఎలా అవుతుంది?

‘పాండవోద్యోగ విజయాలు’ అన్నాను కనుక ఆ కర్తల వద్దకే వెళదాం. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారూ చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారూ ఒకే ఇంట పుట్టినవారు కారు. కడియెద్దలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి వద్ద సహాధ్యాయులు. చదువుకునే చోట కలుసుకొని, ఒకరి వాక్కు మరొకరికి సరిపోతుందని గ్రహించి జంట కట్టారు. ఊరూరా, సంస్థానం సంస్థానం తిరిగి ఆశువుగా చెప్పారు. ప్రత్యర్థులను సవాలు చేశారు. బ్రాహ్మణులకు మీసాలేమిటని అడిగినవారికి, మమ్మల్ని గెలిచినవాడు ఉంటే మీసాలు తీసి మ్రొక్కుతామని పద్యంలోనే బదులు చెప్పారు. కొప్పరపు సోదరకవులతో వారి స్పర్ధ ఆంధ్రదేశంలో ఆబాలగోపాలానికీ తెలుసు. నిండు సభ, ఇద్దరు కవులు, ఆశువు, అధిక్షేపం, “రా చూసుకుందాం” అనే మీసం. దీనిని బ్రాంక్స్ కుర్రవాడికి వివరిస్తే అతడు ఏమాత్రం ఆశ్చర్యపోడు. “మేమూ అదే చేస్తాం” అంటాడు. ర్యాప్‌లో ముఖాముఖి కవనయుద్ధానికి వారు పెట్టుకున్న పేరు కూడా యుద్ధమే.

మరి అశోక్ కొండబోలు చేసిన పనేమిటి? అతడు ప్రధానంగా ర్యాప్ చెప్పేవాడు కాడు. కవులిద్దరూ చెబుతుండగా వేదిక మీద చిందులు వేస్తాడు, మాట అందిస్తాడు, మధ్యలో సంబంధం లేని కబురు విసురుతాడు, సభను కదిలిస్తాడు. అమెరికా విమర్శకులకు ఈ పాత్ర ఒక వింత. మనకు వింత ఎందుకు కావాలి? అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం ఒక అంగం. సభ్యులు అవధాని ధారణను చూసి అబ్బురపడతారు గాని, ఇంటికి వెళ్ళి చెప్పుకునేది అప్రస్తుత ప్రసంగి చమత్కారాన్నే. బుర్రకథను తీసుకుంటే పోలిక ఇంకా దగ్గర. నడుమ కథకుడు, ఒక ప్రక్క హాస్యం వంత, రెండవ ప్రక్క రాజకీయం వంత. షేక్ నాజర్ గళం విన్న తరంవాళ్ళం మనం. హాస్యం వంత లేకపోతే కథ సగమే. న్యూయార్కు వేదిక మీద మన తెలుగువాడు హాస్యం వంత పట్టుకుంటే మనం గుర్తుపట్టలేకపోయాం.

సాఫ్ట్‌వేరులో పెద్ద పదవి వస్తే “మన తెలుగువాడు” అంటాం, ఇంగ్లీషు అక్షరాల పోటీలో పిల్ల గెలిస్తే “మన తెలుగమ్మాయి” అంటాం. అశోక్ అన్నగారు హరి కొండబోలు హాస్యకళాకారుడు. 2017లో ‘ద ప్రాబ్లం విత్ అపూ’ అనే డాక్యుమెంటరీ తీసి, అమెరికా టెలివిజన్ కార్టూనులో దశాబ్దాల పాటు ఒక తెల్లనటుడు భారతీయ దుకాణదారుని యాసను వెక్కిరించడాన్ని నిలదీశాడు. ఆ నటుడు హాంక్ అజారియా ఇక ఆ గొంతు పలకనని 2020 జనవరిలో ప్రకటించాడు. ఒక ఇంటి ఇద్దరు తెలుగు బిడ్డలు హాస్యాన్ని ఆయుధంగా పట్టిన ఈ కథను మన ప్రతిభావంతుల జాబితాలో చేర్చమని నా మనవి.

నాలుగవ ఆక్షేపణ: బూతు

ఉన్నది. దాచను. వీరి పాటలలో మత్తుపదార్థాల ప్రస్తావన, దుర్భాష, దారీతెన్నూ లేని వాగుడు కూడా ఉన్నాయి. అన్ని పాటలూ నాకు నచ్చాయని చెప్పను. కొన్ని సగంలో ఆపేశాను. అయితే బూతు ఉన్నది కనుక కవిత్వం కాదంటే శ్రీనాథుని చాటువుల నుండి మొదలుపెట్టి మన గ్రంథాలయంలో సగం బీరువాలు ఖాళీ చేయవలసి వస్తుంది. కవిచౌడప్ప శతకాన్ని ఏం చేద్దాం? మా పిఠాపురం ప్రాంతపు కూచిమంచి జగ్గకవి ‘చంద్రరేఖా విలాపం’ ఉన్నదే, అధిక్షేపంలో అంత పచ్చిగా వ్రాసినవాడు బ్రూక్లిన్‌లో లేడు. మనవారు వ్రాస్తే ‘శృంగారం’, ‘చాటువు’ అని గౌరవంగా బీరువాలో పెట్టుకుంటాం. నల్లవారు, గోధుమవన్నెవారు వీధిలో పాడితే బూతంటాం. కొలబద్ద ఒకటే ఉండాలి గదా.

ఇంకొక మాట. ర్యాప్ కవి కెండ్రిక్ లమార్‌కు 2018లో సంగీతానికి పులిట్జర్ బహుమానం వచ్చింది. బహుమానం వస్తేనే కవిత్వమని నేను అనను. బహుమానాలు చూసి గౌరవించే అలవాటున్న మన సభలకు పనికివస్తుందని చెప్పానంతే.

అసలు కారణం

నాలుగు ఆక్షేపణలకూ సమాధానం చెప్పాను. చెప్పినా వినరని నాకు తెలుసు. ఎందుకంటే ఆ నాలుగూ పైకి చెప్పే కారణాలు. లోపలి కారణం వేరు: వేదిక మీద ఎవరు నిలబడాలి అనేది.

మూడేళ్ళ క్రిందట మా ప్రాంతంలోనే ఒక ఊరి ఉగాది కవిసమ్మేళనానికి వెళ్ళాను. ఊరి పేరూ సంస్థ పేరూ చెప్పను. పాలిటెక్నిక్ చదివే కుర్రవాడొకడు ముందుగానే పేరిచ్చి, వంతు వచ్చినప్పుడు లేచాడు. తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు. కుర్రవాడు బల్ల మీద అరచేత్తో తాళం వేస్తూ దింపు పని మీద తాను కట్టిన ర్యాప్ మొదలుపెట్టాడు. తండ్రి ఉదయం నుండి ఎక్కిన చెట్ల లెక్కే ఆ పాటకు తాళం; ప్రతి జత పాదాలకూ అంత్యప్రాస; చివరి చెట్టు దగ్గర ఊపిరి అందక పాదం కావాలనే విరిగిపోతుంది. ఆరు పాదాలు కూడా కాలేదు, నిర్వాహకుడు మైకు తీసుకొని “కవిత్వం చదువు నాయనా, అరవకు” అన్నాడు. సభలో నవ్వులు. కుర్రవాడు కాగితం మడిచి జేబులో పెట్టుకొని దిగిపోయాడు. నేను లేచి “పూర్తి చేయనివ్వండి” అన్నాను. “సమయాభావం” అన్నారు. ఆ తరువాత ఒక పెద్దమనిషి తన షష్టిపూర్తి మీద తానే చెప్పుకున్న సీసపద్యాలు నలభై నిమిషాలు చదివాడు. వాటిలో నాలుగుచోట్ల యతి తప్పింది. ఆయనకు శాలువా కప్పారు.

తరువాత ఆ కుర్రవాణ్ణి వెదికి పట్టుకొని కాగితం అడిగి చూశాను. పాదం విరిగే చోటును గురించి అడిగితే, “అక్కడ నాన్నకి ఆయాసం వస్తాదండి, అందుకే మాట ఆపేశానండి” అన్నాడు. భావానికి తగినట్లు ఛందస్సును విరవడం ఔచిత్యమని క్షేమేంద్రుడు చదివిన నేను అనుకున్నాను. కుర్రవాడు క్షేమేంద్రుణ్ణి చదవలేదు. తండ్రి ఊపిరిని విన్నాడు.

ఆ కుర్రవాడి ఇల్లు ఏ పేటలో ఉన్నదో, ఆ నవ్వులు ఎందుకంత తేలికగా వచ్చాయో మా కోనసీమవారికి నేను విప్పి చెప్పాలా? 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన మా జిల్లాకు అంబేద్కర్ గారి పేరు చేర్చడానికి పూనుకుంటే, ఆ మే 24న అమలాపురంలో ఏం జరిగిందో దేశమంతా చూసింది. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు తగులబడ్డాయి. ఇప్పుడు జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ. బోర్డు మీద పేరు మారింది, సభలలో కుర్చీల వరుస మారలేదు.

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక దురహంకారి కాల్చి చంపినప్పుడు మనమంతా “అది జాతివివక్ష” అని గొంతు చించుకున్నాం. న్యాయమే. ఆ మాటనే పేరుగా పెట్టుకొని, మన బిడ్డ ఒకణ్ణి వెంటబెట్టుకొని ఒక జంట అంతకు తొమ్మిదేళ్ళ ముందే నవ్వుతూ పాడింది. అక్కడ “అది జాతివివక్ష” అనడం మనకు నోరారా వచ్చు. ఇక్కడ దింపు కార్మికుని కొడుకు నోట “ఇది కులవివక్ష” అనే మాట తాళం మీద వస్తే అది అరుపు అవుతుంది. ర్యాప్ పట్ల మన అసహనంలో భాషాభిమానం పాలెంతో, ఈ భయం పాలెంతో ఎవరికి వారు లెక్క వేసుకోవలసిందిగా ప్రార్థన.

భాషాభిమానమే అయితే దానికి ఆదర్శం మన ఎదుటే ఉన్నది. బందరు హైస్కూలులో తెలుగు పండితుడుగా పనిచేసి విశ్వనాథ వంటి శిష్యులను తీర్చిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు వృద్ధాప్యంలో గుఱ్ఱం జాషువా కాలికి తన చేతులతో గండపెండేరం తొడిగారు. శతావధాని, మీసం మెలివేసి ఆంధ్రదేశాన్ని సవాలు చేసిన కవి, ‘గబ్బిలం’ వ్రాసిన కవి పాదాన్ని తాకడం తనకు ధన్యతగా భావించారు. అప్పటికి జాషువాను పంక్తిలో కూర్చోనివ్వని పండితులు ఎందరో ఉన్నారు. వారి పేర్లు ఎవరికీ గుర్తులేవు.

జంటకవుల పద్ధతిలో మరొక గుణం ఉన్నది. తిరుపతిశాస్త్రిగారు ముందే గతించినా వేంకటశాస్త్రిగారు తరువాతి రచనలను కూడా ఇద్దరి పేరు మీదనే ప్రకటించారు. న్యూయార్కు జంటకు అంత నిలకడ లేకపోయింది, నాలుగేళ్ళకే విడిపోయింది. అది వారి లోటే. అయినా విత్తనం వృథా కాలేదు. సూరి 2015లో ‘ఈట్ ప్రే థగ్’ అనే సంకలనం తెచ్చాడు; పాకిస్తానీ సంతతి బ్రిటిష్ నటుడు రిజ్ అహ్మద్‌తో ‘స్వెట్ షాప్ బాయ్స్’ అనే కొత్త జంట కట్టి 2016లో ‘కాష్మీర్’ వెలువరించాడు. సరిహద్దుకు ఇరుప్రక్కల మూలాలున్న ఇద్దరు ఒక పాటలో చెరొక చరణం చెప్పగలిగారు. హైదరాబాదులో రోల్ రైడా, నోయెల్, ప్రణవ్ చాగంటి వంటివారు తెలుగులోనే ర్యాప్ చెబుతున్నారు. మన ఊళ్ళలో పిల్లలు సెల్‌ఫోనులో తాళం పెట్టుకొని పంటకాలువ గట్టున కూర్చొని ప్రాసలు వెదుకుతున్నారు. ప్రాస వెదికే పిల్లవాడు దొరకడమంటే తెలుగు పండితునికి పండుగ. ముప్పైయేళ్ళు బెత్తం పట్టుకొని బ్రతిమాలినా వెదకని ప్రాసను ఇప్పుడు తమంతట తాము వెదుకుతుంటే, పొమ్మని తరిమేది మనమా?

కనుక కవిసమ్మేళనాలు నిర్వహించే పెద్దలకు నాది ఒకే ప్రతిపాదన. రాబోయే ఉగాదికి, ఆహ్వానపత్రికలో, శాలువాల పట్టిక కన్న పైన, పది నిమిషాలు ర్యాప్ చెప్పే పిల్లలకు కేటాయించండి. పూర్తిగా విన్న తరువాత దోషాలు చెప్పండి. నేనూ మీ ప్రక్కన కూర్చొని చెబుతాను. యతి లేదని చెప్పండి, ప్రాస తేలిపోయిందని చెప్పండి, ఆ మాట కన్న మంచి మాట ఉన్నదని నేర్పండి. గురువు చేయవలసిన పని అది. కావాలంటే పృచ్ఛకులుగా మారి దత్తపదులు ఇవ్వండి, నిషిద్ధాక్షరి పెట్టండి. ఆ పిల్లలు తడబడతారేమో చూద్దాం. మీరు తడబడతారేమో కూడా చూద్దాం.

దీనిని కాదనేవారు ఛందశ్శాస్త్ర ప్రమాణాలతో, ఉదాహరణలతో ముందుకు రండి. వాదానికి సిద్ధంగా ఉన్నాను. నాకు మీసాలు లేవు గనుక ఆ పందెం వేయలేను. ఓడిన పక్షంలో, మీరు ఎన్నుకున్న సభలో, మీరు చెప్పిన సీసపద్యాలను నలభై నిమిషాలూ కదలకుండా వింటానని మాట ఇస్తున్నాను.